సంతకం పెట్టం పొమ్మన్నారు: గొలుసులు కొట్టిన ఆడవాళ్ళు, కనీస కూలి కథ

నమస్తే. ఇవాళ్టి కథంతా ఒక కాగితం చుట్టూ తిరుగుతుంది.

1910 ఆగస్టు. ఇంగ్లండులో బర్మింగ్‌హామ్‌కి పడమర పక్కన క్రాడ్లీ హీత్ అనే ఊరు. ఇళ్ళ వెనకాల పెరట్లో కొలిమి పెట్టుకుని ఇనప గొలుసులు కొట్టే ఆడవాళ్ళు ఆ ఊళ్ళో వందల్లో ఉన్నారు. యజమానులూ దళారులూ వాళ్ళ ముందు ఒక కాగితం పెట్టి సంతకం చెయ్యమన్నారు. సంతకం రానివాళ్ళని గుర్తు పెట్టమన్నారు. అందులో ఏముందయ్యా అంటే, ప్రభుత్వం ఖాయం చేసిన కొత్త కూలి నాకు ఇప్పుడే వద్దు, ఆర్నెల్లపాటు తక్కువ రేటుకే పని చేస్తాను అని. కొత్త కూలి పాతదానికి రెట్టింపు పైనే. తెలిసి తెలిసి దాన్ని ఎవరు వద్దంటారు? వాళ్ళలో చాలామందికి అక్షరం ముక్క రాదు. దేని కింద గుర్తు పెడుతున్నారో తెలియకుండానే కొందరు పెట్టేశారు కూడా.

ఇదేదో దొంగ పత్రం అనుకోకండి. చట్టమే దానికి దారి వదిలింది. ఈ కాలం లెక్కలో బ్రిటన్‌లో మొట్టమొదటి కనీస కూలి చట్టం అది. అందులోనే ఈ కంత ఉంది. ఆ కంత ఎలా వచ్చింది, ఆ ఆడవాళ్ళు దాన్ని ఎలా పూడ్చారు, మన దేశంలో 1948లో వచ్చిన చట్టానికీ ఆ కాగితానికీ ఏమిటి సంబంధం, ఇవీ ఇవాళ చెప్పుకోబోయేవి.

స్వెట్‌షాప్, అంటే తక్కువ కూలికి ఎక్కువ గంటలు చేయించుకునే చోటు, అనగానే చాలామందికి న్యూయార్కులో 1911 మార్చి 25న జరిగిన ట్రయాంగిల్ ఫ్యాక్టరీ అగ్నిప్రమాదం గుర్తొస్తుంది. తలుపుకి తాళం వేసి ఉండటంతో 146 మంది చనిపోయారు, ఎక్కువమంది వలస వచ్చిన ఆడపిల్లలు. అది వేరే వీడియో చెయ్యాల్సిన సంగతి. అదంతా భవనాల భద్రత వైపు నడిచిన పోరాటం. నేను చెప్పేది కూలి డబ్బుల సంగతి.

అసలు స్వెటింగ్ అని దేన్ని అన్నారో ముందు చూద్దాం. పెద్ద ఫ్యాక్టరీ, గంట కొట్టగానే లోపలికి, గంట కొట్టగానే బయటికి, అది కాదు. పని ఇంటికొస్తుంది. కంపెనీవాడు సరుకు దళారికి ఇస్తాడు, దళారి ఇంకో చిన్న దళారికి ఇస్తాడు, వాడు తెచ్చి ఒకావిడ గడపలో పడేస్తాడు. చొక్కాకి ఇంత, డజనుకి ఇంత అని రేటు. ఎన్ని గంటలు పడుతుందన్నది ఆవిడ ఖర్మ. దారం ఆవిడదే, జిగురు ఆవిడదే, దీపం ఆవిడదే, పిల్లలు చెయ్యి వేస్తే ఆ చెయ్యి కూడా కంపెనీకి ఉచితం. 1888లో బ్రిటిష్ ప్రభువుల సభ దీని మీద ఒక కమిటీ వేసింది. 1890 దాకా సాక్ష్యాలు విన్నారు. చివరికి తేల్చింది ఏమిటంటే కూలి మరీ తక్కువ, గంటలు మరీ ఎక్కువ, పని చేసే చోటు మరీ అధ్వాన్నం. రెండేళ్ళు కూర్చుని చెప్పింది ఇదీ. ఆ బస్తీల్లో ఏ కుట్టుపనావిడని అడిగినా టీ తాగేలోపు చెప్పేసేది.

మరి ఫ్యాక్టరీ చట్టాలు ఏం చేస్తున్నాయి? అప్పటికే గట్టి చట్టాలున్నాయి. కాకపోతే అవి ఫ్యాక్టరీకి వర్తిస్తాయి, ఇంటికి కాదు. ఇన్‌స్పెక్టర్ ఎన్ని ఇళ్ళ తలుపులు కొడతాడు? రాత్రి పదింటికి ఒకావిడ అగ్గిపెట్టెలు అతికిస్తుంటే అది పని అంటాడా, ఇంటి సంగతి అంటాడా? గంటలు కట్టడి చెయ్యాలంటే గంటలు లెక్కపెట్టే చోటు ఉండాలి. ఇక్కడ అదే లేదు. అందుకని సంస్కర్తలు అటు తిరిగి ఇటు తిరిగి, చివరికి కూలి రేటునే పట్టుకుందాం అనే చోటికి వచ్చారు. ఇప్పుడు మనకి ఇది మామూలు మాట. అప్పట్లో మాత్రం కూలి రేటులో ప్రభుత్వం వేలు పెట్టడమంటే వర్షం ఎంత పడాలో అసెంబ్లీలో తీర్మానం చేసినట్టే అని అర్థశాస్త్రం చదివినవాళ్ళంతా నవ్వేవాళ్ళు.

ఈ ఆలోచన బ్రిటన్‌లో పుట్టింది కాదు. ఆస్ట్రేలియాలో విక్టోరియా అనే రాష్ట్రం, రాజధాని మెల్‌బోర్న్. అక్కడ 1895లో యాంటీ స్వెటింగ్ లీగ్ పెట్టారు, 1896లో చట్టం తెచ్చారు. ఒక్కో వృత్తికి ఒక్కో బోర్డు. అందులో సగం మంది యజమానుల వైపు, సగం మంది పనివాళ్ళ వైపు, పైన ఒక అధ్యక్షుడు. వాళ్ళంతా కూర్చుని ఆ వృత్తికి కనీస కూలి ఎంతో రాస్తారు, అంతకన్నా తక్కువిస్తే నేరం. మొదట చెప్పుల పని, రొట్టెలు, బట్టలు, చొక్కాలు, లోదుస్తులు, సామాను చేసే వడ్రంగం, ఈ ఆరింటికే పెట్టారు.

వినడానికి బాగుంది కదా. ఈ కథని గొప్పగా చెప్పేవాళ్ళు చాలామంది ఇక్కడే ఆపేస్తారు. నేను ఆపను. ఆ వడ్రంగం బోర్డు వెనక ఉన్నది కూలివాడి మీద ప్రేమ ఒక్కటే కాదు. మెల్‌బోర్న్‌లో చైనా నుంచి వచ్చిన వడ్రంగులు చాలామంది బల్లలు, బీరువాలు చేసేవాళ్ళు. వాళ్ళు తక్కువకి అమ్ముతున్నారని తెల్లవాళ్ళకి మంట. ఆ చట్టంలో ఫ్యాక్టరీ అంటే నలుగురు పనిచేసే చోటు అని రాశారు. అక్కడే ఇంకో మాట కూడా పెట్టారు: చైనావాడు ఒక్కడు పనిచేసినా అది ఫ్యాక్టరీయే అని. చైనావాళ్ళు చేసిన సామాను మీద ముద్ర వెయ్యాలన్నారు, చూసి కొనకుండా ఉండటానికి. మిగతా బోర్డులకి ఎన్నికలు, వడ్రంగం బోర్డుకి మాత్రం ప్రభుత్వమే మనుషుల్ని వేసింది, చైనావాళ్ళు ఓట్లతో గెలిచేస్తారేమోనని. అంటే లోకంలో కనీస కూలి చట్టాలకి తొలి నమూనా అయినదే, పక్కనున్న కూలివాణ్ణి బయటికి తోసే పనిముట్టు కూడా అయింది. రెండూ ఒకే చట్టంలో ఉన్నాయి.

బ్రిటన్‌లో సర్ చార్ల్స్ డిల్క్ అనే ఎంపీ ఈ విక్టోరియా పద్ధతి చూసి 1900 నుంచి ఏటా పార్లమెంటులో బిల్లు పెడుతూ వచ్చాడు. ఏటా అది పోతూ వచ్చింది. ఎవరూ పట్టించుకోలేదు. పట్టించుకునేలా చేసింది ఒక ఎగ్జిబిషన్.

1906 మే నెల. లండన్‌లో క్వీన్స్ హాల్ అని పెద్ద సంగీత మందిరం ఉండేది. పెద్దింటివాళ్ళు కచేరీలకి వచ్చే చోటు. డైలీ న్యూస్ అనే పత్రిక అక్కడ స్వెటింగ్ పరిశ్రమల ప్రదర్శన పెట్టింది. ఆ పత్రిక యజమాని జార్జ్ క్యాడ్బరీ, మనం తినే చాక్లెట్ల క్యాడ్బరీయే. అంతకుముందు బెర్లిన్‌లో ఇలాంటిది పెట్టారు, అది చూసి పెట్టారు. ఫొటోలు, పట్టికలు సరే. అసలు సంగతి ఏమిటంటే 45 మంది పనివాళ్ళని తెచ్చి హాల్లో కూర్చోబెట్టి వాళ్ళ పని వాళ్ళ చేత చేయించారు. ఆవిడ అగ్గిపెట్టె అతికిస్తుంటుంది, ఎదురుగా పట్టుబట్టల దొరసాని నిలబడి చూస్తుంటుంది. దీన్ని ప్రారంభించింది విక్టోరియా మహారాణి కూతురే. చూడటానికి వచ్చినవాళ్ళు దాదాపు 30,000 మంది.

ఒక్క పని దగ్గర ఆగుదాం. రవికెలకి కుట్టుకునే హుక్కులుంటాయి కదా, దుకాణంలో అట్ట ముక్క మీద వరసగా కుట్టి అమ్ముతారు. ఆ అట్ట మీద కుట్టే పని బర్మింగ్‌హామ్ ఇళ్ళలో జరిగేది. 384 హుక్కులు తీసుకోవాలి, వాటికి సరిపడా 384 కళ్ళు, అంటే హుక్కు తగిలించే చిన్న రింగులు, తీసుకోవాలి, ఒక్కోదాన్ని ఒక్కోదానికి తగిలించాలి, తగిలించి అట్ట మీద దారంతో కుట్టాలి. అప్పుడు వచ్చేది ఒక్క పెన్నీ. ఆ రోజుల్లో 12 పెన్నీలైతే ఒక షిల్లింగు, 20 షిల్లింగులైతే పౌండు. సూదీ దారం ఆవిడవే. ఇది చూశాక ఇంటికెళ్ళిన దొరసాని తన జాకెట్టు హుక్కు పెట్టుకునేటప్పుడు ఏమనుకుని ఉంటుందో నాకు తెలీదు. ఆ ఏడాదే బ్రిటన్‌లో నేషనల్ యాంటీ స్వెటింగ్ లీగ్ మాత్రం పుట్టింది.

మనుషుల్ని అలా బొమ్మల్లా కూర్చోబెట్టి చూపించడం నాకు ఇబ్బందిగానే ఉంటుంది. అయినా ఒప్పుకోవాలి, ఆరేళ్ళుగా ఏటా బిల్లు పెట్టినా కదలని పార్లమెంటు ఆ తర్వాత మూడేళ్ళలో కదిలింది.

1909లో ట్రేడ్ బోర్డుల చట్టం వచ్చింది. సభలో పెట్టిన మంత్రి ఎవరనుకున్నారు? విన్‌స్టన్ చర్చిల్. మనకి ఆ పేరు వినగానే 1943 బెంగాల్ కరువు గుర్తొస్తుంది, రావాలి కూడా. 1909లో ఆయన లిబరల్ పార్టీ వాణిజ్య మంత్రి. సభలో ఆయన చేసిన వాదన మాత్రం ఇప్పటికీ పనికొస్తుంది. సంఘాలు బలంగా ఉన్న చోట బేరం సమానంగా సాగుతుంది, అక్కడ ప్రభుత్వం అక్కర్లేదు. సంఘం లేని చోట మంచి యజమానిని చెడ్డవాడు రేటులో కొడతాడు, ఆ చెడ్డవాణ్ణి ఇంకా చెడ్డవాడు కొడతాడు. ధర అలా దిగజారుతూనే పోతుంది. దానికి ఎక్కడో ఒకచోట అడ్డుకట్ట వెయ్యాలి. ఇదీ ఆయన మాటల సారం.

ఆ చట్టం మొదట నాలుగు పనులకే వర్తించింది. రెడీమేడ్ బట్టలు కుట్టడం, అట్టపెట్టెలు చెయ్యడం, లేసుకి చివరి మెరుగులు దిద్దడం, చేత్తో గొలుసులు కొట్టడం. నాలుగోదే మన క్రాడ్లీ హీత్. ఈ నాలుగింటిలో ముందుగా రేటు కట్టింది కూడా గొలుసుల బోర్డే.

ఇక ఊళ్ళోకి వద్దాం.

ఆ ప్రాంతం అంతా గొలుసుల ప్రాంతమే. ఓడల లంగరుకి వేసే లావుపాటి గొలుసులు ఫ్యాక్టరీల్లో మగవాళ్ళు చేసేవాళ్ళు, వాళ్ళకి సంఘం ఉంది, కూలీ ఓ మాదిరిగా ఉండేది. పశువుల్ని కట్టేవీ, గుర్రపు సామానుకి వేసేవీ, ఇలాంటి సన్న గొలుసులు ఆడవాళ్ళవి. పని ఎలా ఉంటుందంటే, ఇనప కడ్డీ కొసని కొలిమిలో ఎర్రగా కాల్చాలి. ఒక చేత్తో తిత్తి ఊదుకుంటూ. కాలిన ముక్కని తెంచి, వంచి, ముందు చేసిన లంకెలో దూర్చాలి. రెండు కొసలూ మళ్ళీ కాల్చి, చల్లారేలోపే దాగలి మీద పెట్టి సమ్మెటతో కొట్టి అతకాలి. ఒక లంకె అయింది. మళ్ళీ కడ్డీ. ఇలా వారానికి 54 గంటలు. పసిబిడ్డ ఉంటే కొలిమి పక్కనే ఒక పెట్టెలో పడుకోబెట్టేవాళ్ళు, నిప్పురవ్వలు ఎగిరే చోటే. అప్పటి పత్రికలవాళ్ళు వచ్చి రాశారు ఇవన్నీ.

వారమంతా కొడితే చేతికొచ్చేది సుమారు 5 షిల్లింగులు. అందులోంచి బొగ్గుల ఖర్చు, కొలిమి అద్దె. యజమానికీ వీళ్ళకీ మధ్యలో ఫాగర్ అని పిలిచే దళారి. ఇనుము వాడే తెచ్చిస్తాడు, గొలుసు వాడే తీసుకెళ్తాడు, తన వాటా మధ్యలో తీసుకుంటాడు. కొందరు ఫాగర్లకి దుకాణాలు కూడా ఉండేవి, అక్కడే సరుకులు కొనాలి. అంటే ఇచ్చే చేతా వాడే, గుంజుకునే చేతా వాడే.

బోర్డు కూర్చుని గంటకి రెండున్నర పెన్నీలు అని రేటు కట్టింది. 54 గంటలకి లెక్కేస్తే 11 షిల్లింగుల 3 పెన్నీలు. మరీ మేడలు కట్టే డబ్బేం కాదు, కడుపు నిండా రొట్టెకి సరిపోతుంది. కానీ 5 ఎక్కడ, 11 ఎక్కడ?

ఇక్కడ వస్తుంది మన కంత. చట్టం ఏమందంటే, బోర్డు రేటు చెప్పాక అభ్యంతరాలకి కొంత గడువు, ఆ తర్వాత ఇంకో ఆర్నెల్లు రేటు పూర్తిగా తప్పనిసరి కాదు. ఈ ఆర్నెల్లలో పనివాళ్ళు రాతపూర్వకంగా ఒప్పుకుంటే తక్కువకి చేయించుకోవచ్చు. యజమానులకి సర్దుకునే సమయం ఇద్దామని పెట్టారు. పైకి చూస్తే న్యాయంగానే ఉంది. పనిచేసే మనిషీ యజమానీ సమానంగా కూర్చుని ఒప్పందం రాసుకుంటారని ఊహించుకుంటే న్యాయమే. క్రాడ్లీ హీత్ పెరట్లో అలా కూర్చునేవాళ్ళు ఎవరున్నారు?

యజమానుల ఎత్తు వేరు. ఈ ఆర్నెల్లూ పాత రేటుకి గొలుసులు కొట్టించి గోదాములు నింపేసుకోవాలి. రేటు తప్పనిసరి అయ్యే రోజుకి సరుకు నిండుగా ఉంటుంది. అప్పుడు పని లేదు పొమ్మనొచ్చు. నెలల తరబడి పస్తులున్నాక ఆ ఆడవాళ్ళే వచ్చి పాత రేటుకి ఇమ్మని కాళ్ళు పట్టుకుంటారు. ఇదీ ఎత్తు.

అడ్డం పడింది మేరీ మెకార్థర్. గ్లాస్గోలో పుట్టిన మనిషి, బట్టల వ్యాపారి కూతురు. 1906లో నేషనల్ ఫెడరేషన్ ఆఫ్ ఉమెన్ వర్కర్స్ అని ఆడకూలీలకి సంఘం పెట్టింది. క్రాడ్లీ హీత్ సంగతి వచ్చేసరికి ఆవిడకి 30 ఏళ్ళు. పాత సంఘాలన్నీ ఆడవాళ్ళు సంఘంలో నిలబడరు, చందా కట్టరు, పెళ్ళయితే పోతారు అనే రోజులు. ఆవిడ వాదన తిరగేసి ఉండేది: సంఘం లేదు కాబట్టి కూలి తక్కువ, కూలి తక్కువ కాబట్టి చందా కట్టలేరు, చందా లేదు కాబట్టి సంఘం లేదు. ఈ చక్రాన్ని ఎక్కడో ఒకచోట తెంపాలి. చట్టం తెంపుతుందని ఆవిడ ఆశ. ఆ చట్టంలోనే ఈ కాగితం దాక్కుని ఉంది.

సంఘం ఇంటింటికీ తిరిగి చెప్పింది. సంతకం పెట్టకండి. పెట్టినవాళ్ళు వెనక్కి తీసుకోండి. ఇప్పటినుంచే కొత్త రేటు అడగండి. ఆడవాళ్ళు అడిగారు. యజమానులు పని ఆపేశారు. ఆగస్టు చివరికొచ్చేసరికి కొలిములు చల్లారిపోయాయి. దాదాపు 800 మంది ఆడవాళ్ళు వీధిలో ఉన్నారు. సమ్మె అని అందరూ అంటారు గానీ, నిజానికి యజమానులు వేసిన లాకౌట్ అది. వాళ్ళు అడిగింది చట్టంలో రాసిందే.

ఇక మెకార్థర్ చేసిన పని చూడండి, ఇప్పటి సోషల్ మీడియావాళ్ళు కూడా నేర్చుకోవచ్చు. ఆ ఊళ్ళో గొలుసులు కొట్టే ముసలమ్మల్ని వరసగా నిలబెట్టి ఫొటోలు తీయించి పత్రికలకి పంపింది. అందులో పేషెన్స్ రౌండ్ అనే ఆవిడకి 79 ఏళ్ళు. చిన్నప్పటినుంచీ కొలిమి దగ్గరే. ఆ ముసలమ్మల మెడల్లో వాళ్ళు కొట్టిన గొలుసులే వేసి చూపించింది. సినిమా అప్పుడప్పుడే వస్తున్న కాలం, కెమెరావాళ్ళని పిలిపించి ఊరేగింపు తీయించింది, అది హాళ్ళలో ఆడింది. ఊరేగింపుల్లో చర్చి కీర్తనల వరసల మీద కట్టిన పాటలు పాడారు. దేశం నలుమూలల నుంచీ చందాలు వచ్చాయి. చివరికి పోగైంది దాదాపు 4,000 పౌండ్లు.

ఇక్కడ నేను ఒక చిన్న లెక్క వేసి చూశాను. 800 మంది, వారానికి 5 షిల్లింగులు, అంటే వాళ్ళ పాత సంపాదన మొత్తం. 10 వారాలు. గుణిస్తే 40,000 షిల్లింగులు, అంటే 2,000 పౌండ్లు. ఒక ఊరి ఆడవాళ్ళు రెండున్నర నెలలపాటు నిప్పుల ముందు నిలబడి సంపాదించేదంతా కలిపినా దేశం వేసిన చందాలో సగం! వాళ్ళని ఓడించడానికి యజమానులు నమ్ముకున్నది ఆకలిని. ఆ ఆకలి ధర ఎంత చవకో వాళ్ళకి తట్టలేదు. కూలి అంత తక్కువ కాబట్టే, పని లేకుండా వాళ్ళని నిలబెట్టడం అంత సులువైంది.

పెద్ద యజమానుల సంఘం ముందే మెత్తబడింది. వాళ్ళకి నిజానికి కొత్త రేటుతో పెద్ద పేచీ లేదు, పక్కవాడు కూడా అదే ఇస్తే చాలు. చర్చిల్ చెప్పిన లెక్కే. చివరిదాకా మొండికేసింది దళారులు. రేటు ఇస్తామని ఒప్పుకున్న యజమానుల పేర్లతో సంఘం ఒక తెల్ల జాబితా తయారుచేసింది. నెల తిరిగేసరికి సగానికి పైగా అందులో చేరారు. అక్టోబరు 22న ఆఖరి యజమాని కూడా సంతకం పెట్టాడు. చూశారా, చివరికి సంతకం పెట్టింది ఎవరో!

చందాల్లో మిగిలిన డబ్బుతో ఊళ్ళో వర్కర్స్ ఇన్‌స్టిట్యూట్ అని ఒక భవనం కట్టారు. 1912లో తెరిచారు. మీటింగులకి, చదువుకోడానికి. రోడ్డు పనుల కోసం దాన్ని తీసెయ్యాల్సి వచ్చినప్పుడు కూల్చకుండా ఇటుక ఇటుకా విప్పి, దగ్గర్లోని బ్లాక్ కంట్రీ లివింగ్ మ్యూజియంలో మళ్ళీ నిలబెట్టారు. మన తెలుగువాళ్ళు బర్మింగ్‌హామ్ వైపు చాలామందే ఉన్నారు, వీలైతే వెళ్ళి చూడండి.

గెలుపు గెలుపే, కానీ మరీ ఊదరగొట్టను. బోర్డులు కట్టిన రేట్లలో ఆడా మగా తేడా అలాగే ఉంది. టైలరింగ్ బోర్డు మగవాళ్ళకి గంటకి 6 పెన్నీలు, ఆడవాళ్ళకి మూడుంపావు పెన్నీలు కట్టింది. మెకార్థర్ 1918లో అక్కడికి దగ్గర్లోని స్టౌర్‌బ్రిడ్జ్ నుంచి ఎన్నికల్లో నిలబడింది. ఆడవాళ్ళకి ఓటూ, నిలబడే హక్కూ వచ్చిన తొలి ఎన్నిక. ఊరంతా ఎరిగిన పేరు మేరీ మెకార్థర్. బ్యాలెట్ మీద మాత్రం ఆ పేరు వెయ్యనివ్వలేదు, మొగుడి పేరుతో మిసెస్ ఆండర్సన్ అని వేశారు. ఓడిపోయింది. 1921 జనవరి 1న క్యాన్సర్‌తో పోయింది, 40 ఏళ్ళకే. ఆ బోర్డులు పేరు మార్చుకుని 1993 దాకా బతికాయి, వ్యవసాయం తప్ప అన్నింటికీ ఆ ఏడాది ఎత్తేశారు. దేశమంతటికీ ఒకే కనీస కూలి బ్రిటన్‌లో వచ్చింది 1999లో. మధ్యలో ఆరేళ్ళు ఏమీ లేదు.

అమెరికాది రెండు ముక్కల్లో చెప్పేస్తాను. అక్కడ 1912లో మసాచుసెట్స్ మొదలుపెట్టింది, ఆడవాళ్ళకీ పిల్లలకీ మాత్రమే, అదీ తక్కువిస్తే పేరు పేపర్లో వేస్తాం అనే శిక్షతో. 1923లో సుప్రీంకోర్టు ఇదంతా ఒప్పంద స్వేచ్ఛకి విరుద్ధం అని కొట్టేసింది. అంటే తక్కువ కూలికి ఒప్పుకునే స్వేచ్ఛ ఆవిడకి ఉందట! క్రాడ్లీ హీత్ కాగితమే, ఈసారి జడ్జీలు రాశారు. 1937లో హోటల్లో గదులు తుడిచే ఎల్సీ పారిష్ అనే ఆవిడ 216 డాలర్ల బకాయి కోసం వేసిన కేసులో ఆ తీర్పు తిరగబడింది. 1938లో దేశమంతటికీ గంటకి 25 సెంట్లు అని చట్టం వచ్చింది. పొలం పనివాళ్ళనీ, ఇంటి పనివాళ్ళనీ వదిలేశారు. దక్షిణ రాష్ట్రాల్లో ఆ పనులు చేసేది ఎక్కువగా నల్లజాతివాళ్ళు. ఎవరిని వదిలేశారన్నది చూస్తే చట్టం ఎవరితో రాజీపడిందో తెలుస్తుంది.

ఇప్పుడు మన సంగతి. 1931లో విట్లీ కమిషన్ అని రాయల్ కమిషన్ ఇండియా కార్మికుల మీద నివేదిక ఇచ్చింది. ఫ్యాక్టరీ చట్టం కిందికి రాని చిన్న కార్ఖానాల గురించి అందులో రాశారు. మైకా, లక్క, బీడీలు, తివాచీలు, తోళ్ళు. 1946 ఏప్రిల్‌లో వైస్రాయ్ కౌన్సిల్లో కార్మిక శాఖ చూసే లేబర్ మెంబరుగా డాక్టర్ అంబేద్కర్ కనీస వేతనాల బిల్లు సభలో పెట్టారు. 1948లో చట్టమైంది. దాని షెడ్యూలు, అంటే ఏ ఏ పనులకి వర్తిస్తుందో చెప్పే జాబితా, తీసి చూడండి. తివాచీలు, బీడీలు, లక్క, మైకా, తోళ్ళు, వాటితోపాటు రైసుమిల్లులు, రాళ్ళు కొట్టే పని, రెండో భాగంలో వ్యవసాయం. మన నెల్లూరు మైకా, నిజామాబాద్ బీడీ, రెండూ అందులో ఉన్నాయి. బోర్డులూ కమిటీలూ కూడా ఆ ట్రేడ్ బోర్డుల పోలికే, యజమానులు ఇంతమంది, పనివాళ్ళు అంతేమంది, మధ్యలో తటస్థులు.

కానీ ఒక్క తేడా ఉంది. నాకు ఈ వీడియో చెయ్యాలనిపించింది దాని కోసమే. 1948 చట్టం 25వ సెక్షను. కనీస కూలి హక్కుని వదులుకుంటాననో, తగ్గించుకుంటాననో పనిచేసే మనిషి ఏ ఒప్పందం రాసిచ్చినా అది చెల్లదు అని అందులో ఉండేది. చట్టం రాకముందు రాసిచ్చినా చెల్లదు, తర్వాత రాసిచ్చినా చెల్లదు. క్రాడ్లీ హీత్‌లో పది వారాలు పస్తుకి సిద్ధపడి ఆపిన కాగితం ఇక్కడ మొదటి రోజు నుంచే చిత్తుకాగితం. ఇంకో సెక్షను, 17. ముక్కల లెక్కన పనిచేసేవాళ్ళకి ముక్క రేటు కట్టకపోయినా, గంట రేటుకి తగ్గకుండా ఇచ్చి తీరాలి అంది.

1982లో సుప్రీంకోర్టు ఇంకో అడుగు వేసింది. ఢిల్లీలో ఏషియాడ్ ఆటలకి స్టేడియాలు కడుతున్నారు. కూలి రోజుకి 9 రూపాయల 25 పైసలు. అందులో రూపాయి జమాదారు తీసుకుంటున్నాడు, చేతికొచ్చేది 8 రూపాయల 25 పైసలు. ఫాగర్ గుర్తొచ్చాడా? జస్టిస్ భగవతి తీర్పు ఏమిటంటే, కనీస కూలి కన్నా తక్కువకి ఒక మనిషి ఒప్పుకున్నాడంటే వెనక ఆకలి తరుముతోందని అర్థం, అది బలవంతపు చాకిరీయే, రాజ్యాంగం 23వ అధికరణం కిందికి వస్తుంది. ఆ ఒప్పుకోలుని కోర్టు స్వేచ్ఛ అనలేదు. 2019లో వేతనాల కోడ్ వచ్చింది, 2025 నవంబరులో అమలై 1948 చట్టం స్థానం తీసుకుంది, ఇక షెడ్యూలు లేదు, అన్ని పనులకీ వర్తిస్తుందన్నారు. మంచిదే.

అయితే మన నిజామాబాద్, జగిత్యాల, సిరిసిల్ల వైపు బీడీలు చుట్టే ఆడవాళ్ళ దగ్గర ఎవరూ ఏ కాగితం మీదా సంతకం అడగరు. అవసరం లేదు. వెయ్యి బీడీలకి ఇంత అని రేటు ఉంటుంది, కరువు భత్యం కలిపి ఏడాదేడాది మారుతుంది కూడా. టేకేదారు, అంటే మధ్యలో ఉండే దళారి, తునికాకు తూకం వేసి ఇస్తాడు, తంబాకు ఇస్తాడు. ఆ తూకంలో ఆకు కాస్త తగ్గుతుంది, లేకపోతే చిల్లుల ఆకు, ఎండి పగిలిన ఆకు వస్తుంది. దాంతో వెయ్యి పూర్తవవు. మిగతా ఆకు ఆవిడే బజార్లో కొనుక్కుని చుట్టాలి. చుట్టి తీసుకెళ్తే బాగా లేవని కొన్ని కట్టలు పక్కన పడేస్తాడు, వాటికి డబ్బుల్లేవు. తీసిపారెయ్యడానికి నిబంధనల్లో ఒక పరిమితి ఉంది. తూకం వేసేదీ, ఏరేదీ ఒకడే అయినప్పుడు ఆ పరిమితిని ఎవరు చూస్తారు? చట్టప్రకారం రేటు రేటులాగే ఉంది, చేతికొచ్చే డబ్బే తగ్గింది. చాటలో ఆకు కత్తిరించుకుంటూ కూర్చున్నావిడ అలాంటి సెక్షను ఏది చూపించీ దీన్ని ఆపలేదు.

అందుకని ఒకటి అడుగుతున్నాను. మీ ఇంట్లో అమ్మో, పెద్దమ్మో, వదినో బీడీలు చుడుతుంటే కనుక్కుని కామెంటులో రాయండి. వెయ్యి బీడీలకి ఎన్ని గంటలు పడుతోంది, ఆకు బయట ఎంతకి కొనాల్సి వస్తోంది, ఎన్ని కట్టలు తీసిపారేస్తున్నారు. ఊరి పేరు చాలు, మనుషుల పేర్లు, కంపెనీల పేర్లు వద్దు. ఒక ముప్పై, నలభై ఊళ్ళ లెక్కలు వస్తే గంటకి ఎంత పడుతుందో కట్టి, జిల్లాలో నోటిఫై చేసిన రేటు పక్కన పెట్టి వచ్చే వీడియోలో చూపిస్తాను.